నూరువరహాల ఆకులు పసుపెక్కుతున్నాయి, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కడియపులంక నర్సరీ నుంచి తెచ్చి ప్రహరీ వెంబడి వేసిన నూరువరహాల మొక్కలకు లేత ఆకులు పసుపెక్కుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ముదురాకులు బాగున్నాయి కాబట్టి నత్రజని కాదు, ఇనుము లోపమే అనిపిస్తోంది. గోడ సిమెంటు వల్ల ఆ పక్క మట్టి క్షారంగా మారి, మొక్కకు ఇనుము అందట్లేదేమో. గోడకు దూరంగా ఉన్న నందివర్ధనం నిగనిగలాడుతోంది. పైగా మాది బంకమట్టి, వానాకాలం నీళ్లు త్వరగా ఇంకవు.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేద్దామనుకుంటున్నాను. పూత మీద ఉండగా కొట్టొచ్చా, కొమ్మలు కత్తిరించి కొత్త చిగురు వచ్చాక కొట్టాలా? అమ్మ రోజూ పూజకు ఈ పూలే కోస్తుంది, అందుకే అడుగుతున్నాను. వేర్ల దగ్గర పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు వేస్తే సరిపోతుందా, లేక మొక్కలు తీసి గోడకు దూరంగా నాటడమే మేలా? కోనసీమలో పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.