క్రూజ్ షిప్‌ల పోకర్ ఆడితే క్యాసినో పాయింట్లు వస్తయా? రూమ్ ఫ్రీ అయితదా?

హన్మకొండ చౌరస్తా

అందరికీ నమస్తే. ఫ్లోరిడా నుంచి 7 రాత్రుల కరీబియన్ క్రూజ్ బుక్ అయింది, రాయల్ కరీబియన్ వాళ్ల ఓడ. మా బావ, నేను ఇద్దరం హోల్డెమ్ (పోకర్‌ల ఒక రకం) ఆడుతం. రమ్మీ, మూడు ముక్కలాట ఎట్లాగూ వచ్చు. క్యాసినోల ఆడితే పాయింట్లు వచ్చి తర్వాతి ట్రిప్‌కు రూమ్ ఫ్రీగ ఇస్తరని వీడియోలల్ల మస్తు చెప్తున్నరు. పోకర్ ఆడినా ఆ పాయింట్లు వస్తయా? ఇద్దరికి కలిపి 1,500 డాలర్లు పక్కకు పెట్టినం, పోయినా ఇంట్ల లొల్లి ఉండదు. ఎట్ల వాడితే మంచిదో తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్

అన్నా, పోకర్ ఒక పని, పాయింట్లు ఇంకో పని. రెండూ ఒకే 1,500ల ఇరికిస్తే రెండూ చెడుతయి. ముందుగాల ఏది కావాల్నో తేల్చుకోండ్రి.

కారణం చిన్నది. క్యాసినో పాయింట్లు ఇచ్చేది నువ్వు గెలిచినవా ఓడినవా చూసి కాదు, నీ ఆట మీద దానికి సగటున ఎంత మిగులుతదో లెక్కేసి. బెట్ సైజు × గంటకు చేతులు (ఒక్కసారి ముక్కలు పంచి ఆడితే ఒక చేయి) × గంటలు × ఇంటి వాటా (బెట్‌ల క్యాసినోకు సగటున మిగిలే శాతం), ఇదే లెక్క. బ్లాక్‌జాక్ మీద 15 డాలర్ల బెట్, గంటకు 60 చేతులు, 4 గంటలు, 2 శాతం వాటా అనుకుంటే 72 డాలర్లు. అండ్ల కొంత భాగమే నీకు బహుమానంగ తిరిగొస్తది. హోల్డెమ్‌ల క్యాసినో నీతోని ఆడదు. ఆడేది నీ పక్కోడు, క్యాసినో పాట్ (అందరు కట్టిన పైసల కుప్ప) నుంచి రేక్ (తన వాటా) తీసుకుంటది, అంతే. అందుకే పోకర్ కుర్చీకి వచ్చే పాయింట్లు చాలా తక్కువ, కొన్నిచోట్ల సున్నా. కూసునేముందు పోకర్ మేనేజర్‌నే అడుగు: "ఈ టేబుల్ మీద గంటలు ఓడ కార్డుకు ఎక్కుతయా?" అని.

ఇగ రేక్ సంగతి. ఓడల పోటీ క్యాసినో ఉండదు కాబట్టి రేక్ బరువుగనే ఉంటది. పాట్‌ల 10 శాతం, దానికొక గరిష్ఠ పరిమితి. ఆ పరిమితి ఎంతో టేబుల్ దగ్గర బోర్డు మీద రాసి ఉంటది, చూడకుండ కూసోకు. 1/2 డాలర్ల బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగ కట్టే పందేలు, చిన్నది 1, పెద్దది అంటే బిగ్ బ్లైండ్ 2), 9 మంది, డీలర్ గంటకు 28 చేతులు పంచుతడు, చేతికి సగటున 4 డాలర్ల రేక్ అనుకుందాం. గంటకు 112 డాలర్లు టేబుల్ మీద నుంచి మాయం, మనిషికి 12 పైమాటే. గెలిచిన పాట్‌కు డాలర్ చొప్పున డీలర్ టిప్పు కలిపితే 15. అంటే గంటకు 7 బిగ్ బ్లైండ్ల కంటే ఎక్కువ గెలిస్తేనే నీకు ఒక్క రూపాయి మిగిలేది. మంచి ఆటగాళ్లకు సుత అది కష్టమే. ఊరట ఏందంటే ఎదుటోళ్లు ఎక్కువగ సెలవుకు వచ్చినోళ్లు, ప్రతి చేయి కాల్ చేస్తరు (ఎదుటోడు కట్టినంత కట్టి ఆటల ఉంటరు). వాళ్ల మీద బ్లఫ్ (మంచి ముక్కలు లేకున్నా ఉన్నట్టు భయపెట్టుడు) పని చెయ్యదు. మంచి చేయి పడ్డప్పుడు పెద్దగ బెట్ కట్టు. ఫ్లాప్ (బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) రాకముందే అందరూ పడేస్తే మామూలుగ రేక్ తియ్యరు, అందుకని చిన్న చిన్న పాట్లకు కాల్ చేసుకుంట కూసోవడం కంటే ముందే రెయిజ్ చేయడం (పందెం పెంచడం) నయం.

తలా 750 అంటే 200 చొప్పున మూడు బై-ఇన్లు (టేబుల్ మీద కూసునేటప్పుడు తీసుకునే చిప్స్), మిగిలిన 150 టోర్నమెంట్‌కు. సరిపోతది.

ఇంకో మాట, "పోకర్ ఉంది" అనంగనే నమ్మకు. త్రీ కార్డ్ పోకర్, అల్టిమేట్ టెక్సస్ హోల్డెమ్, కరీబియన్ స్టడ్ ఇవన్నీ పేరుకే పోకర్, ఆడేది క్యాసినోతోనే. వాటికి పాయింట్లు వస్తయి గానీ మనిషి మీద ఆడే ఆట కాదు. అసలు హోల్డెమ్ టేబుల్ అన్ని ఓడలల్ల ఉండదు. కొన్నిట్ల డీలర్ లేని ఎలక్ట్రానిక్ టేబుల్ ఉంటది. టేబుల్ ఉన్నా ఐదారుగురు జమకాకుంటే నడవదు. మొదటి రాత్రే పోయి పేరు రాయించు.

లక్నవరం వంతెన

పైన చెప్పింది నిజం. నేను పాయింట్ల వైపు లెక్క చెప్తాను.

రాయల్ కరీబియన్‌లో పథకం పేరు క్లబ్ రోయాల్. స్లాట్ మెషీన్‌లో 5 డాలర్లు ఆడితే ఒక పాయింట్, వీడియో పోకర్‌లో (మెషీన్ మీద ఆడే పోకర్) 10 డాలర్లకు ఒకటి. 2,500 పాయింట్లకు ప్రైమ్ స్థాయి, 25,000కు సిగ్నేచర్, లక్షకు మాస్టర్స్. ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు, తర్వాత లెక్క మళ్లీ సున్నా. ప్రైమ్ నుంచి క్యాసినోలో డ్రింకులు ఉచితం. షరతులు మారుతుంటాయి కాబట్టి ఓడ ఎక్కగానే క్యాసినో హోస్ట్ దగ్గర తాజా కాగితం తీసుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. "5 డాలర్లు ఆడటం" అంటే 5 డాలర్లు పోగొట్టుకోవడం కాదు. మెషీన్‌లో వంద వేసి, గెలిచినదాన్ని మళ్లీ మళ్లీ తిప్పితే ప్రతి బెట్టూ లెక్కలోకి వస్తుంది. డాలర్ బెట్‌తో గంటకు 600 సార్లు నొక్కితే 600 డాలర్ల ఆట, 120 పాయింట్లు. ప్రైమ్‌కు 12,500 డాలర్ల ఆట కావాలి, అంటే దాదాపు 21 గంటలు. మెషీన్ 8 శాతం మిగుల్చుకుంటుందనుకుంటే సగటు నష్టం 1,000 డాలర్లు. ఇది సగటు మాత్రమే. ఆ 21 గంటలు నిండకముందే మీ బడ్జెట్ అయిపోయే అవకాశం కూడా గట్టిగానే ఉంది.

వీడియో పోకర్ చౌక అనుకునేవాళ్లు ముందు పే-టేబుల్ (ఏ చేతికి ఎంత ఇస్తుందో రాసిన పట్టిక) చదవాలి. జాక్స్ ఆర్ బెటర్ అనే రకంలో ఒక కాయిన్‌కు ఫుల్ హౌస్ అనే చేతికి 9, ఫ్లష్ అనే చేతికి 6 ఇస్తే (దీన్నే 9/6 అంటారు), తప్పు లేకుండా ఆడినప్పుడు 99.54 శాతం తిరిగొస్తుంది. 8/5 అయితే 97.3. ఓడల్లో తరచుగా కనిపించే 6/5 అయితే 95 మాత్రమే. పాయింటుకు 10 డాలర్లు కాబట్టి ప్రైమ్‌కు 25,000 డాలర్ల ఆట, 6/5 మీద సగటు నష్టం 1,250. స్లాట్ కంటే ఖరీదే!

ఇంకొకటి, ఒక ప్రయాణంలో చేసిన పాయింట్లను బట్టి తర్వాతి ప్రయాణం కోసం చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ వేరు, ఏడాది పొడవునా కూడే స్థాయి వేరు. సర్టిఫికెట్‌కు ఈ ప్రయాణం పాయింట్లే లెక్క, పాతవి కలవవు. మీ బావ, మీరు ఒకే కార్డు మీద ఆడి పాయింట్లు కలుపుదామనుకోకండి, ఎవరి ఆట వారి కార్డు మీదే ఉండాలి. టేబుల్ ఆటల్లో కూర్చునేముందే కార్డు ఇవ్వాలి, లేచి వెళ్లాక అడిగితే ఆ గంటలు పోయినట్టే.

"ఫ్రీ రూమ్" అన్నా పన్నులు, రేవు రుసుములు, రోజువారీ టిప్పులు మీరే కట్టాలి. చెప్పిన గడువులోపు, చెప్పిన ఓడల్లోనే బుక్ చేయాలి. హైదరాబాద్ నుంచి విమాన టికెట్లు కూడా కలిపి చూస్తే మనలాంటివాళ్లకు ఆ ఉచితంలో మిగిలేది తక్కువ. ఫ్లోరిడాలో ఉండేవాళ్ల సంగతి వేరు.

హన్మకొండ చౌరస్తా

మంచిగ అర్థమైంది, థాంక్స్ అన్నా. అట్లయితే పోకరే ఆడుతం, పాయింట్లు వద్దు. బావ, నేను ఒకే టేబుల్ మీద కూసోవచ్చా? పైసలు క్యాష్ తీస్కపోవాల్నా, కార్డు మీద నడుస్తదా? పోయేలోపు ఆన్‌లైన్ల కొంచెం ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నం.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్

కూసోవచ్చు తమ్మీ, కానీ చేయి నడుస్తున్నప్పుడు తెలుగుల మాట్లాడొద్దు. అమెరికా పోకర్ టేబుళ్ల మీద ఇంగ్లిష్ తప్ప వేరే భాష ఒప్పుకోరు, ముక్కలు చెప్పుకుంటున్నరని అనుమానపడ్తరు. "ఏం బావా, ఉన్నయా?" అన్నా డీలర్ ఆపుతడు. ఒకరి మీద ఒకరు మెత్తగ ఆడినా అది కుమ్మక్కే, టేబుల్ మీద నుంచి లేపుతరు.

మూడు ముక్కలాట అలవాటున్నోళ్లకు ర్యాంకులే దెబ్బ కొడ్తయి. మన దగ్గర సీక్వెన్స్ కలర్ కంటే పెద్దది. హోల్డెమ్‌ల ఐదు ముక్కలు కాబట్టి తిరగబడ్తది, ఫ్లష్ (కలర్) స్ట్రెయిట్‌ను (సీక్వెన్స్‌ను) కొడ్తది. మన ఆటల ఎక్కా-దుర్రి-తిర్రి రెండో పెద్ద సీక్వెన్స్, అక్కడ ఎక్కా నుంచి ఐదు దాకా ఉన్న స్ట్రెయిట్ అన్నిట్ల చిన్నది. త్రీ కార్డ్ పోకర్‌ల మాత్రం మనలెక్కనే స్ట్రెయిట్ పైన, ఫ్లష్ కింద. ఆ ఆట ఆడితే రాణి-6-4 కంటే తక్కువ చేతిని పడేయాలె, ఇంకేం నేర్చుకునే పని లేదు.

రెయిజ్ చేసేటప్పుడు నోటితోని "రెయిజ్" అని, ఎంతో చెప్పి చిప్స్ పెట్టు. చెప్పకుండ ఒక పెద్ద చిప్ వేస్తే అది కాల్ కిందికే వస్తది. రెండు విడతలుగ వేసినా ఒప్పుకోరు.

ఆన్‌లైన్ ప్రాక్టీస్ మాట మర్చిపో. తెలంగాణల 1974 గేమింగ్ చట్టాన్ని 2017ల సవరించినప్పటి నుంచి పైసల పోకర్, రమ్మీ ఆన్‌లైన్ల బందే, 2025ల కేంద్రం దేశమంతటికి చట్టం తెచ్చింది. ఇంట్ల పైసలు పెట్టి ఆడినా కేసు కావచ్చు. చింతగింజలు చిప్స్ అనుకుని నలుగురు కూసోండ్రి. మనిషికి 100 గింజలు, బ్లైండ్లు అర, ఒకటి. అరకు బుడ్డలు (పల్లికాయలు) పెట్టుకో.

పైసల సంగతి: ఓడ కార్డు మీద నుంచి చిప్స్ తీస్కుంటే 5 శాతం దాకా రుసుము పడ్తది. ఆ బిల్లు ఇండియా క్రెడిట్ కార్డు మీదికి వస్తే బ్యాంకు మార్కప్ అదనం, అవి రెండు కలిస్తే ఆట మొదలుకాకముందే 8 శాతం దగ్గర పోతది. డాలర్ నోట్లు తీస్కపో. ట్రిప్‌కు 3,000 డాలర్ల దాకా నోట్లు ఫారెక్స్ షాపుల ఇస్తరు, మీ బడ్జెట్‌కు అడ్డం లేదు.

గెలిస్తే, ఇండియాల రెసిడెంట్ కాబట్టి ఇక్కడ పన్ను ఉంటది: 30 శాతం, 4 శాతం సెస్సు కలిపితే 31.2. ఓడిన రాత్రులను అండ్లకెళ్లి తీసేయనియ్యరు. తిరిగొచ్చేటప్పుడు నోట్లు 5,000 డాలర్లు దాటితే శంషాబాద్‌ల కస్టమ్స్‌కు చెప్పాలె.

కాజీపేట జంక్షన్

ఒకటి మర్చిపోయిన. ఓడ రేవుల ఉన్నప్పుడు క్యాసినో మూసేస్తరు, అంతర్జాతీయ జలాలల్లకు పోయినంకనే తెరుస్తరు. 7 రాత్రులల్ల రేవులు లేని రోజులు రెండో మూడో ఉంటయి, పోకర్ టేబుల్ నిండేది ఆ మధ్యాహ్నాలల్లనే. చివరి రాత్రి క్యాషియర్ కిటికీ ఎన్నింటికి బంద్ అయితదో ముందే అడిగి చిప్స్ మార్చుకోండ్రి, దిగినంక ఆ చిప్స్ బయట చెల్లవు. అప్పుడు లైన్ పెద్దగ ఉంటది, గంట ముందే లేవాలె.