వోల్గోగ్రాడ్‌లో యుద్ధానికి ముందటివి ఏం మిగిలాయి?

పాతపటం: వోల్గోగ్రాడ్ అప్పటి పేరు స్తాలిన్‌గ్రాడ్, అక్కడి పోరు సంగతి అందరికీ తెలిసిందే. 1942కి ముందు కట్టినవి ఇంకా ఏమైనా నిలిచి ఉన్నాయా? వోల్గా–డాన్ కాలువ లాకుల లెక్క కూడా చెప్పండి.

గునపం: మామయెవ్ దిబ్బ మీద కత్తి ఎత్తి నిలబడ్డ ‘మాతృభూమి పిలుస్తోంది’ విగ్రహం చాలదా? మొత్తం 85 మీటర్లు, అందులో కత్తే 33. అచ్చం టైటానియం!

రివెట్టు: అచ్చం కాదండీ. లోపల స్టెయిన్‌లెస్ స్టీలు చట్రం, పైన టైటానియం రేకులు. గాలికి రేకులు వంగి గలగలలాడేవి. అందుకే 1972లో పూర్తిగా స్టీలు కత్తి పెట్టారు, గాలి దూరిపోయేలా బెజ్జాలు వదిలి.

గునపం: 1967లో పెట్టింది టైటానియమేగా! నేనన్నదీ అదే.

రివెట్టు: మీరన్నది ‘అచ్చం’. స్టీలు కట్టడాలే మా వృత్తి, రేకుకీ చట్రానికీ తేడా నాకు చెప్పకండి.

సరివి: ఆయన అడిగింది పాత కట్టడాలు బాబూ. గెర్‌హార్ట్ పిండిమర ఉంది. ఎర్ర ఇటుక గోడలే అయితే కుప్పయ్యేది, లోపల ఇనుప చువ్వల కాంక్రీటు చట్రం ఉండబట్టి గుండ్లకి ఆగింది. బాగుచెయ్యకుండా అలాగే ఉంచారు. అన్నట్టు, ఈ ఊరి 1589 నాటి పేరు త్సారిత్సిన్ అంటే ‘రాణి ఊరు’ అని రాసేస్తుంటారు. తాతారుల ‘సరి సు’, అంటే పసుపు నీళ్లు, అన్నదే నమ్మదగ్గ మాట. 1925లో స్తాలిన్‌గ్రాడ్, 1961లో వోల్గోగ్రాడ్.

ఆవఘాటు: సరెప్టాని వదిలేశారేం? 1765లో మొరావియన్ క్రైస్తవులు కట్టుకున్న ఊరు, ఇప్పుడు నగరం దక్షిణపు కొసలో కలిసిపోయింది. ఆవపిండికి పేరు. మన ఆవకాయ ఆవాల జాతే. పొట్టు తీసి, నూనె పిండి, మిగిలిన చెక్కని పొడి కొడతారు. చెక్క బాగా వేడెక్కిందా, ఎంజైము చచ్చి ఘాటు రాదు. కలిపేటప్పుడూ మరిగే నీళ్లు పనికిరావు, గోరువెచ్చనివి పోసి మూత పెట్టాలి.

గునపం: ఆవకాయకి నీళ్లెక్కడ పోస్తాం?

ఆవఘాటు: ఉప్పుకి మామిడిముక్క వదిలే ఊట చాలదూ?

రివెట్టు: కత్తి తేలకుండానే జాడీలో పడ్డారు. విగ్రహాన్ని పునాదికి బిగించలేదు, సొంత బరువుతోనే నిలబడింది. లోపల 99 ఉక్కు తాళ్లు బిగువుగా లాగి ఉన్నాయి. కింద బంకమట్టి, నీరు ఊరితే జారుతుంది. భయం అక్కడుంది.

పాతపటం: కాలువ సంగతి ఎవరూ ఎత్తరా?

లాకు13: 1952లో తెరిచారు. 101 కి.మీ., 13 లాకులు. వోల్గా వైపు నుంచి వస్తే 9 లాకుల్లో 88 మీటర్లు ఎక్కాలి, డాన్ వైపు 4 లాకుల్లో 44 మీటర్లు దిగాలి. మిట్ట మీదికి నీరు దానంతటది రాదు కదా, డాన్ నుంచి మూడు పంపుహౌసులు ఎత్తిపోస్తాయి.

గునపం: అన్నీ తెలిసిన రివెట్టు గారూ, ఆ బెజ్జాలెన్నో చెప్పండి మరి.