సమస్య: చెవుల కమ్మ విప్పి చెలియ చదివె

సమస్య ఇచ్చినవారు: అందరికీ నమస్కారం. ఆటవెలది పద్యం, పైదే నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. చెవి కమ్మ తీసి చదవడమేంటని కంగారుపడకండి, కమ్మ అంటే పాతకాలంలో ఉత్తరం కూడా. తాటికమ్మ మీద ఘంటంతో రాసేవాళ్లు కదా, ఆ ఆకు పేరే జాబుకీ వచ్చింది.

పూరణ 1:
మగడు దూర మేగి మాసాలు గడిచెను
కనులు కాయ గాచె కాంత కింట
పోస్టు వాని గంట పొద్దున్నె మోగెను
చెవుల, కమ్మ విప్పి చెలియ చదివె

గురువుగారూ, మూడో పాదంలో ముందు 'వాకిట మోగెను' అనుకున్నా, పో-వా యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో అక్షరం కలవడం) కుదర్లేదు, అందుకే పొద్దున్నె వేశాను.

సమస్య ఇచ్చినవారు: 'చెవుల' దగ్గర విరుపు భలే కుదిరింది తమ్ముడూ, గణాలు యతి అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ పోస్టువాడు వచ్చే నాటికి కమ్మ పోయి కార్డులు, కవర్లు వచ్చేశాయి, ఆ ఒక్కమాట మారిస్తే పద్యం మొత్తం ఒకే కాలంలో నిలబడుతుంది.

పూరణ 2:
తాటి యాకు మీద తన మాట లిఖియించి
చుట్ట చుట్టి పంపె సుదతి కొకడు
కోట దాటు వరకు గుట్టుగా ధరియించి
చెవుల కమ్మ విప్పి చెలియ చదివె

నేను పాదాన్ని విరవలేదండీ. మా అమ్మమ్మ చెవి తమ్మెకి వేలు దూరేంత రంధ్రం ఉండేది, చిన్నప్పుడు అందులో తాటాకు చుట్ట పెట్టుకునేవాళ్లమని చెప్పేది, అది గుర్తొచ్చి ఆ చుట్టలోనే ఉత్తరం దాచేశాను.

సమస్య ఇచ్చినవారు: అక్కా, ఇది నేను ఊహించని పూరణ! ఆకు, నగ, జాబు మూడూ ఒకే వస్తువులోకి వచ్చేశాయి. తమిళంలో ఓలై అన్నా ఈ మూడర్థాలూ ఉన్నాయి. 'విప్పి' కూడా ఇక్కడే బాగా పండింది, చుట్టిన ఆకుని విప్పితేనే కదా చదివేది.

ఇంకో సభ్యుడు: మరి జాబు, ఉత్తరం అనే మాటలు పాతవి కావా అండీ?

సమస్య ఇచ్చినవారు: పాతవే, కానీ రెండింటికీ అసలు అర్థం బదులు అని. జవాబు నుంచి జాబు వచ్చింది, సంస్కృతంలో ఉత్తరమన్నా సమాధానమే. కమ్మ మాత్రం మన చెట్టు మీది మాట, అందుకే నాకంత ఇష్టం.

పూరణ 1 రాసినవారు: మూడో పాదం మార్చాను గురువుగారూ:
వేగు వాని గజ్జె వినవచ్చె నల్లన

సమస్య ఇచ్చినవారు: ఇప్పుడు అతికింది. వే-వి యతి చక్కగా ఉంది, ఇదే ఉంచెయ్.