ఓక్లహామా సిటీలో 1,907 అడుగుల టవర్: కట్టేదేనా, కబుర్లేనా?

ప్లేనో_పల్లెటూరోడు (డాలస్)

మొన్న శనివారం పిల్లల్ని తీసుకుని ఓక్లహామా సిటీకి థండర్ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్ళాం. ఐ-35 ఎక్కితే మూడు గంటల దారి. మ్యాచ్‌కి ముందు బ్రిక్‌టౌన్ కాలవ పక్కన తిరుగుతుంటే మావాడు "నాన్నా, అమెరికా మొత్తంలో ఎత్తైన బిల్డింగ్ ఇక్కడే కడతారంట" అన్నాడు. ఎక్కడ్రా అంటే చూపించాడు. పార్కింగ్ లాట్. మేం కారు పెట్టింది అలాంటి దాంట్లోనే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పేరు లెజెండ్స్ టవర్. 134 అంతస్తులు. 2023 డిసెంబరులో 1,750 అడుగులు అన్నారు, నెలా రెండు నెలలు తిరక్కుండానే 1,907 అన్నారు. ఓక్లహామా రాష్ట్రమైన సంవత్సరం 1907 కదా, అందుకని! న్యూయార్క్ వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 1,776 అడుగులు, దాన్ని దాటేస్తుందన్నమాట. ఆ ఊళ్ళో ఇప్పుడున్న అన్నిట్లోకీ ఎత్తైన డెవాన్ టవర్ 844 అడుగులు. 2024 జూన్‌లో సిటీ కౌన్సిల్ ఆ స్థలం వరకు ఎత్తు పరిమితి తీసేసింది కూడా.

ఏడు లక్షల జనాభా ఉన్న ఊరు. చుట్టూ ఎటు చూసినా చదును నేల, కావలసినంత ఖాళీ. నాకైతే "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" సామెత గుర్తొచ్చింది. ఇందులో నాకు కనపడనిది మీకేమైనా కనపడుతోందా?

ఎడ్మండ్_అల్లుడు (ఓక్లహామా)

అన్నా, మా ఊరొచ్చి, మా కాలవ పక్కన తిరిగి, మా జట్టు ఆట చూసి, మా మీదే సామెతా?

మీరు తిరిగిన ఆ కాలవ దేవుడిచ్చింది కాదు. 1993లో జనం తమ మీద తామే డాలరుకి ఒక్క సెంటు అమ్మకం పన్ను వేసుకోడానికి ఓటేశారు. మ్యాప్స్ అంటారు ఆ పథకాన్ని. పాడుబడ్డ గోదాముల వీధిని తవ్వి 1999లో నీళ్ళు వదిలారు. అదే డబ్బుతో కట్టిన ఎరీనా 2002లో తెరిచారు. అప్పుడు అందులో ఆడ్డానికి ఎన్‌బీఏ (పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) జట్టే లేదు! పెళ్ళికూతురు లేకుండా పందిరి వేశారని అప్పుడూ నవ్వినవాళ్ళున్నారు. 2008లో సియాటెల్ నుంచి జట్టు వచ్చింది. మీవాడు వేసుకున్న జెర్సీ ఆ పందిరి పుణ్యమే.

నేనిక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. ఇండియా వెళ్తే ఓక్లహామా అంటే "అదెక్కడ?" అంటారు. డాలస్ పక్కన అని చెప్పుకోవాలి. ఒక్కసారి మా వైపు కూడా తలెత్తి చూడనివ్వండి.

లెక్కల_మాస్టారబ్బాయి (ఆస్టిన్)

వాణిజ్య భవనాల అప్పులు చూడటమే నా ఉద్యోగం. కాబట్టి తలెత్తి చూడటం కాదు, కింద ఏముందో చూస్తాను.

ఎత్తు పెరిగేకొద్దీ ఖర్చు అదే లెక్కన పెరగదు, ఇంకా వేగంగా పెరుగుతుంది. పైన ఉండేవాళ్ళ కోసం లిఫ్టులు కింది అంతస్తులన్నిటినీ చీల్చుకుంటూ పోవాలి. నీళ్ళు అంచెలంచెలుగా పంపు చేయాలి. మంటలొస్తే దిగే మెట్లు, గాలికి తట్టుకునే కోర్ గోడలు, ఇవన్నీ స్థలం తినేస్తాయి. అద్దెకివ్వగలిగే చోటు తగ్గుతుంది, చదరపు అడుగు కట్టుబడి ఖర్చు పెరుగుతుంది. మరి న్యూయార్క్ వాళ్ళెందుకు కడుతున్నారు? నేల ధర వల్ల. అక్కడ పక్క భవనాలు వాడుకోని ఎత్తు హక్కుల్ని కూడా కొనుక్కుంటారు. జేపీ మోర్గాన్ బ్యాంకు అయితే 270 పార్క్ ఎవెన్యూలో 707 అడుగుల భవనాన్ని శుభ్రంగా పడగొట్టి అదే చోట 1,388 అడుగులది లేపింది. పైగా అది తన కోసమే కట్టుకున్న ప్రధాన కార్యాలయం. ఉండేది ఎవరు అన్న ప్రశ్నే లేదు.

మీ డెవాన్ టవర్ కూడా అంతే కదండీ అల్లుడు గారూ. ఆయిల్ కంపెనీ తన ఉద్యోగుల కోసం కట్టుకుంది. మా ఆస్టిన్ వాటర్‌లైన్ 1,022 అడుగులు, కింద ఆఫీసులు, హోటల్, పైన అద్దె ఇళ్ళు. ఇక్కడ రాష్ట్ర కాపిటల్ (అసెంబ్లీ భవనం) గుమ్మటం కనపడాలని సగం డౌన్‌టౌన్‌లో ఎత్తు కట్టడానికే వీల్లేదు, అందుకే మిగిలిన జాగాకి ఆ రేటు.

ఓక్లహామా సిటీలో ఈ రెండూ లేవు. నేల ఖరీదు కాదు, ఉండేవాడి పేరు చెప్పలేదు. కేలండర్ చూసి ఎత్తు పెట్టారు. పేరు చెప్పండి, ఒక్క పెద్ద కిరాయిదారు పేరు. నేను నోరు మూసుకుంటాను.

గచ్చిబౌలి_గాలి (డాలస్)

మాస్టారబ్బాయి మాట కరెక్టే. మా హైదరాబాద్ కోకాపేట చూడుర్రి. 2006ల జీవో 86 తోని ఎఫ్‌ఎస్‌ఐ లిమిట్ (ఎంత జాగల ఎంత కట్టొచ్చన్న లెక్క) తీసేసిన్రు. అప్పుడే యాభై అంతస్తులు లేసినయా? లేదు. జాగ రేటు పెరిగినంక గదా క్రేన్లు వరుస కట్టినయ్. 2023ల అక్కడి నియోపోలిస్ లేఅవుట్ వేలంల ఎకరం 100 కోట్లు దాటింది. లిమిట్ తీసేస్తే బిల్డింగ్ రాదు భయ్, జాగ పిరమైతే వస్తది.

అల్లుడన్న, బ్రిక్‌టౌన్ల ఎకరం ఎంతనే?

ఎడ్మండ్_అల్లుడు

వంద కోట్లు మాత్రం కాదులే. అదే కదా మా సుఖం! ఇక్కడ మామూలు ఉద్యోగి ఇల్లు కొనుక్కోగలడు.

క్వీన్స్_కోడలు (న్యూయార్క్)

మగవాళ్ళందరూ నేల ధర, నేల ధర అంటున్నారు గానీ, ఎత్తులో గొప్ప లేకుండా ఎప్పుడు కట్టారండీ? 1929లో క్రైస్లర్ భవనం వాళ్ళు పై శిఖరాన్ని భవనం లోపలే రహస్యంగా జోడించి, పోటీగా 40 వాల్ స్ట్రీట్ భవనం కడుతున్నవాడు నేనే గెలిచాననుకునే టైముకి పైకి లేపి కూర్చోబెట్టారు. తోటికోడళ్ళ పోటీ అంటారు గానీ, ఇంతకంటేనా? 1931లో ఎంపైర్ స్టేట్ తెరిస్తే అద్దెకొచ్చేవాళ్ళు లేక ఊరంతా "ఎంప్టీ స్టేట్" అని నవ్వింది. మొదటి ఏడాది అద్దెలకి దీటుగా పైకెక్కి చూసే టికెట్ల డబ్బే వచ్చిందట. ఇప్పుడెవరైనా దాన్ని తప్పంటారా?

అలాగని నేను అల్లుడు గారి పక్షం కాదు. మాకు 432 పార్క్ ఎవెన్యూ అని 1,396 అడుగుల పుల్ల ఒకటుంది. కోట్ల డాలర్లు పోసి కొన్నవాళ్ళే 2021లో కోర్టుకెక్కారు. నీళ్ళు కారుతున్నాయి, లిఫ్టులు ఆగుతున్నాయి, గాలొస్తే చప్పుళ్ళు అని. కోట్లు పోస్తే గుడిసె కష్టాలే ఇంకొంచెం ఎత్తులో దొరికాయన్నమాట. సెంట్రల్ పార్కులో సాయంత్రం ఈ పుల్లల నీడలు పడుతుంటే మాకేం ఒరిగిందో ఇప్పటికీ తెలీదు.

ఉక్కు_కాంక్రీట్ (హ్యూస్టన్)

స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. టోర్నడో సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటా అని ఎదురుచూస్తున్నాను. ఎవరో ఒకరు ఎత్తక మానరు కాబట్టి నేనే మొదలుపెడతా.

ఓక్లహామా సిటీకి ఆనుకునే మూర్ ఉంది. 1999లో, మళ్ళీ 2013లో పెద్ద టోర్నడోలు ఆ ఊరిని చితక్కొట్టాయి. అయినా టోర్నడోకి టవర్ కూలిపోతుందన్న భయం తక్కువ పెట్టుకోవచ్చు. 1970లో టెక్సస్‌లోని లబ్బక్‌లో 20 అంతస్తుల గ్రేట్ ప్లెయిన్స్ లైఫ్ భవనానికి టోర్నడో తగిలింది. మెలి తిరిగింది, పడలేదు, ఇప్పటికీ నిలబడే ఉంది. 2000లో ఫోర్ట్ వర్త్ డౌన్‌టౌన్‌లో బ్యాంక్ వన్ టవర్‌కి తగిలింది. అస్థిపంజరానికి ఏమీ కాలేదు, అద్దాలు పోయాయి. కిటికీల నిండా ప్లైవుడ్ కొట్టి ఏళ్ళ తరబడి అలాగే వదిలేశారు, ఆ తర్వాతే అపార్టుమెంట్లుగా మార్చారు. అంటే భవనం బతుకుతుంది, దాని వ్యాపారం చస్తుంది.

అసలు తలనొప్పి రోజువారీ గాలి. ఎత్తైన సన్నటి భవనం పక్కల నుంచి గాలి వెళ్ళేటప్పుడు ఒకసారి ఎడమ, ఒకసారి కుడి సుడులు విడుస్తుంది. ఆ లయ, భవనం సొంత ఊగుడు లయ ఒకటైతే ఊయల ఊగినట్టే. అందుకే మూలలు కోస్తారు, పైకి పోయేకొద్దీ సన్నం చేస్తారు, మధ్యలో అంతస్తులు ఖాళీగా వదిలేసి గాలిని దూరనిస్తారు. కోడలు గారు చెప్పిన 432 పార్క్‌లో ప్రతి 12 అంతస్తులకీ రెండేసి అలా తెరిచి ఉంచినవే. పైన వందల టన్నుల డంపర్ (ఊగుడుకి ఎదురు ఊగే బరువు) కూడా వేలాడదీస్తారు. కూలదని నమ్మకం ఉన్నా, స్నానాల తొట్టిలో నీళ్ళు కదులుతుంటే మనిషికి కడుపులో తిప్పుతుంది. ఆ తిప్పుడు తగ్గించడానికే సగం ఖర్చు.

కట్టగలమా అంటే కట్టగలం. ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్ 1970ల్లోనే చికాగోలో తొమ్మిది గొట్టాలు కట్ట కట్టినట్టు పెట్టి సియర్స్ టవర్‌ని 1,450 అడుగులకి తీసుకెళ్ళాడు. ఇంజినీర్ల వల్ల ఆగిన టవర్ నాకు తెలిసి లేదు. ఆపేది ఎప్పుడూ మాస్టారబ్బాయి లాంటివాళ్ళే :)

చలి_చికాగో (చికాగో)

ఆగిన టవర్ అన్నారు కాబట్టి మా గుంత కథ.

నేనొచ్చిన కొత్తలో, 2007లో, సరస్సు పక్కన చికాగో స్పైర్ మొదలైంది. స్పెయిన్ ఆర్కిటెక్ట్ కలత్రావా డిజైన్. 2,000 అడుగులు, 150 అంతస్తులు, మెలి తిప్పిన జంతిక ఆకారం. ఆఫీసులో అందరం వాల్‌పేపర్ పెట్టుకున్నాం. ఇది కబుర్ల దశలో ఆగినది కాదండీ. పర్మిషన్లున్నాయి, పునాది తవ్వారు, గుండ్రటి బావిలా 76 అడుగుల లోతు. 2008లో బ్యాంకులు కుదేలయ్యాయి, పని ఆగింది. ఆ తర్వాత మా ఊరికొచ్చిన చుట్టాలకి చూపించే వింతల్లో ఆ బావి కూడా చేరింది. మా అమ్మానాన్న వచ్చినప్పుడు అమ్మ తొంగి చూసి "నీళ్ళు పడలేదా?" అంది.

2024లో ఆ చోట మళ్ళీ పని మొదలైంది. ఇప్పుడు కట్టేది 72 అంతస్తులు. వెయ్యి అడుగులు కూడా లేదు. ఎవరూ వాల్‌పేపర్ పెట్టుకోలేదు, కానీ అది లేస్తోంది.

కౌన్సిల్ ఒప్పుకోవడం పెద్ద విషయమేం కాదు అల్లుడు గారూ. 2020లో మా ట్రిబ్యూన్ టవర్ పక్కన 1,400 అడుగుల పైన ఇంకోదానికి కూడా ఒప్పుకున్నారు. ఇంకా నేల మీదే ఉంది.

ఎడ్మండ్_అల్లుడు

గుంత కథకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. మాస్టారబ్బాయి ప్రశ్నకి మాత్రం ఉంది. ఎరీనాకి కూడా 2002లో కిరాయిదారు పేరు లేదు. అయినా వచ్చాడు.

లెక్కల_మాస్టారబ్బాయి

ఎరీనా జనం ఓటేసి, జనం పన్నుతో, అప్పు లేకుండా కట్టుకున్నది. ఖాళీగా ఉన్నా బ్యాంకు తలుపు తట్టదు. టవర్‌కి నెలనెలా వడ్డీ. పైగా దీనికి టీఐఎఫ్ కింద నగరం సాయం కూడా అడిగారు. టీఐఎఫ్ అంటే ఆ స్థలంలో రేపు పెరగబోయే ఆస్తి పన్నుని ఆ ప్రాజెక్టుకే మళ్ళించడం. రేపు పెరగకపోతే మళ్ళించడానికేమీ ఉండదు, అంతవరకు న్యాయమే. పెరిగితే మాత్రం బడికీ రోడ్డుకీ పోవలసిన ముక్క కొన్నేళ్ళు పక్కకి పోతుంది. మ్యాప్స్‌లో మీరు ఓటేశారు. దీనికి వేశారా?

ఎడ్మండ్_అల్లుడు

లేదు. కౌన్సిలే తేల్చింది. ఆ ముక్క నాకూ గుచ్చుకుంటోంది.

కానీ ఒకటి మీరందరూ వదిలేశారు. ఆ 1,907 ఒక్కటే కాదు ప్లాను. పక్కన 345 అడుగులవి మూడు టవర్లున్నాయి. ఇళ్ళు, హోటల్, కింద దుకాణాలు. ముందు చిన్నవి, అవి నిండితే పెద్దది అని డెవలపరే అన్నాడు. చిన్నవి మూడూ లేచినా నాకు చాలు. ఆ పార్కింగ్ లాట్ పోయి మనుషులు ఉండే వీధి వస్తుంది. 1,907 అనకపోతే ప్లేనోలో ఉన్న పిల్లాడికి మా పార్కింగ్ లాట్ సంగతి తెలిసేదా?

ప్లేనో_పల్లెటూరోడు

అదీ మాటే. మావాడు వేలు పెట్టి చూపించిన మొదటి పార్కింగ్ లాట్ అదే.

సరే, నా పందెం. పెద్దది పదేళ్ళలో మొదలవదు. మొదలైతే మీ ఇంటిల్లిపాదికీ ప్లేనోలో దమ్ బిర్యానీ నా ఖర్చు.

ఎడ్మండ్_అల్లుడు

ఒప్పుకున్నా. తవ్వకం మొదలైన రోజే కారు తీస్తాం.

చలి_చికాగో

ఆగండాగండి. గుంతకి బిర్యానీ లేదు. మా దగ్గర తవ్విందీ గుంతే.

ఎడ్మండ్_అల్లుడు

సరే. 845వ అడుగు. డెవాన్ కంటే ఒక్క అడుగు పైకి వచ్చిన రోజు.