మోడల్ నుంచి ప్లాస్టరింగు కొలతలు తీయడం: మీరెలా చేస్తున్నారు?

ఒంగోలు_బిల్లింగు:
ఒంగోలులో కడుతున్న మూడంతస్తుల ఆసుపత్రికి బిల్లులు తయారు చేసే పని నాది. ఆర్కిటెక్టు పంపిన ఐఎఫ్‌సీ ఫైలులో (వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో తెరవగలిగే 3డీ భవన మోడల్) భవనమంతా ఉంది గానీ, ప్రస్తుతం నాకు కావలసింది ప్లాస్టరింగు విస్తీర్ణం ఒక్కటే. గోడలకున్న 'నెట్ సైడ్ ఏరియా' (ఒక ముఖపు నికర విస్తీర్ణం) అంకెలన్నీ కూడి, రెండు ముఖాలకూ రెట్టిస్తే వచ్చే మొత్తం, మేస్త్రి టేపుతో కొలిచి చెప్పిన దానికంటే ప్రతి అంతస్తులోనూ తక్కువగా ఉంటోంది. పొడవులు, ఎత్తులు మాత్రం దాదాపు సరిపోతున్నాయి. తేడా ఎక్కడ వస్తోందో అనుభవమున్నవారు చెప్పగలరు.

పెన్నాతీరం:
మీ మేస్త్రి ఐఎస్ 1200 (నిర్మాణ పనుల కొలతలకు భారత ప్రమాణం) పన్నెండో భాగం ప్రకారం కొలుస్తున్నారండీ, మోడల్‌కు ఆ నిబంధన తెలియదు. నెట్ సైడ్ ఏరియాలో చిన్నా పెద్దా తేడా లేకుండా ప్రతి ఓపెనింగూ (తలుపు, కిటికీ లాంటి వాటికి గోడలో వదిలిన ఖాళీ) పూర్తిగా తీసివేసి ఉంటుంది. మన కొలతల్లో 0.5 చదరపు మీటర్ల లోపు ఓపెనింగుకు మినహాయింపే లేదు, 0.5 నుంచి 3 వరకు ఉంటే, రెండు ముఖాలకూ ఒకే రకం ప్లాస్టరింగు అయినప్పుడు, ఒక ముఖానికే తగ్గించి, జాంబులు (ఓపెనింగు పక్క అంచులు), సాఫిట్లు (దాని పై అంచు అడుగు భాగం) విడిగా కలపకుండా వదిలేస్తాము. 3 దాటితే రెండు ముఖాలకూ తగ్గించి, జాంబులు, సాఫిట్లు కలుపుతాము.

ఒక గోడ తీసుకోండి: పొడవు 6 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. అందులో 1.0 × 2.1 తలుపు, 1.5 × 1.2 కిటికీ, 0.6 × 0.6 వెంటిలేటరు ఉన్నాయి. మోడల్ లెక్కలో ఒక ముఖం 13.74, రెండూ కలిపి 27.48 చదరపు మీటర్లు. ఐఎస్ లెక్కలో 36 నుంచి 2.1, 1.8 మాత్రమే పోయి 32.1 మిగులుతుంది. ఒక్క గోడకే 4.62 చదరపు మీటర్లు కాంట్రాక్టరు నష్టపోతారు. అందువల్ల నేను నెట్ అంకెను ముట్టుకోను. గోడ గ్రాస్ (ఓపెనింగులు తీసివేయని) విస్తీర్ణాన్నీ, దానికున్న ఒక్కొక్క ఓపెనింగు కొలతనూ విడివిడిగా తీసుకుని, నిబంధనను ఎక్సెల్‌లో నేనే పెట్టుకుంటాను.

కావలి_కోడ్:
పెన్నాతీరం గారు చెప్పిన పద్ధతికి ఐఎఫ్‌సీలోనే దారి ఉంది. గోడకూ ఓపెనింగుకూ మధ్య 'ఐఎఫ్‌సీ రెల్ వాయిడ్స్ ఎలిమెంట్' అనే బంధం, ఓపెనింగుకూ తలుపుకూ మధ్య 'ఐఎఫ్‌సీ రెల్ ఫిల్స్ ఎలిమెంట్' అనే మరో బంధం రాసి ఉంటాయి. ఉచితంగా దొరికే ఐఎఫ్‌సీ ఓపెన్‌షెల్ లైబ్రరీతో, పైథాన్‌లో ప్రతి గోడకూ 'హ్యాజ్ ఓపెనింగ్స్' అడిగితే ఆ జాబితా వచ్చేస్తుంది. తలుపు చట్రం లేని ఆర్చీల్లాంటివి తలుపుల పట్టికలో దొరకవు కనుక, కొలతను ఓపెనింగు నుంచే తీసుకోవడం మంచిది. ఇంకొక చిక్కు: పొడవులు మిల్లీమీటర్లలోనూ విస్తీర్ణాలు చదరపు మీటర్లలోనూ ఉన్న ఫైళ్లు చాలా వస్తాయి, యూనిట్లు చూడకుండా గుణిస్తే వెంటిలేటరు గోడకంటే పెద్దదవుతుంది.

గోడలకు క్వాంటిటీలే (విస్తీర్ణం లాంటి కొలతల అంకెలు) కనిపించకపోతే, మోడల్ గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో ఎగుమతి చేసేటప్పుడు 'బేస్ క్వాంటిటీస్' టిక్కు పెట్టలేదని అర్థం. అది పెట్టి మళ్లీ పంపమనండి. ల్యాప్‌టాప్ ఫైలును మోయలేకపోతే, ఐఎఫ్‌సీ ఫైళ్లను మార్చే 'ఐఎఫ్‌సీ ప్యాచ్' పనిముట్టులోని 'ఎక్స్‌ట్రాక్ట్ ఎలిమెంట్స్'తో గోడలను మాత్రమే చిన్న ఫైలుగా కోసుకోవచ్చు.

చీమకుర్తి_ఫ్లోరింగ్:
మాది గ్రానైటు పరిచే పని. స్లాబు విస్తీర్ణం తీసుకుంటే గోడల కింద భాగం కూడా అందులో కలిసిపోతుంది. గదులను స్పేసులుగా గీసి ఉంటే వాటి నెట్ ఫ్లోర్ ఏరియా వాడండి. స్కర్టింగుకు నెట్ పెరిమీటరు సరిపోతుంది, గుమ్మాల వెడల్పు అందులో ఉండదు.

పెన్నాతీరం:
లోపలి ప్లాస్టరింగు, బయటి ప్లాస్టరింగు రేట్లు వేరు కాబట్టి 'ఈజ్ ఎక్స్‌టర్నల్' (బయటి గోడా కాదా) అనే గుణం ప్రతి గోడకూ నింపి ఉండాలి. ఇలాంటి షరతులను ముందే రాసి పంపడానికి ఐఎఫ్‌సీని రూపొందించే బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ 2024 జూన్‌లో ఐడీఎస్ (ఇన్ఫర్మేషన్ డెలివరీ స్పెసిఫికేషన్) 1.0ను ప్రమాణంగా విడుదల చేసింది. అది గుణం ఉందో లేదో, విలువ సరైన రకమో కాదో చూస్తుంది. గోడ ఆకారం సరిగ్గా గీశారా అన్నది చూడదు.

కందుకూరు_సైట్:
ఐడీఎస్ బాగానే ఉంటుంది గానీ, మాలాంటి చిన్న కాంట్రాక్టర్లు షరతులు పంపితే ఆర్కిటెక్టు ఆఫీసులో ఎవరు వింటారండీ? వచ్చిన ఫైలులో ఆ గుణం ఖాళీగా ఉన్న గోడలను ముందు ఏరి, సైటులో తిరిగి చూసి మేమే నింపుకుంటున్నాము. అది ఒక పూట పని.

ఒంగోలు_బిల్లింగు:
గ్రాస్, ఓపెనింగులు విడిగా తీసి ఒక అంతస్తు సరిచూశాను. మేస్త్రి లెక్కకు చాలా దగ్గరగా వచ్చింది. మిగిలిన కొద్ది తేడా మోడల్‌లో బీముల్లోకి చొచ్చుకుపోయిన గోడ ఎత్తుల వల్లేనని తోస్తోంది. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకం) ప్రతి వరుస పక్కన గోడ గ్లోబల్ ఐడీ (ఫైలులో ఆ గోడకున్న ప్రత్యేక గుర్తు) రాస్తే తనిఖీకి వచ్చే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఒప్పుకుంటారా?

పెన్నాతీరం:
ఇరవై రెండు అక్షరాల ఆ ఐడీని చేత్తో ఎవరూ సరిచూడరు. గది పేరు, గ్రిడ్ గీతలు రాయండి. ఐడీని మీ ఎక్సెల్‌లో మాత్రం ఉంచుకోండి, డ్రాయింగు మారి కొత్త ఫైలు వచ్చినప్పుడు ఏ గోడ మారిందో దానితోనే పట్టుకోగలుగుతారు.