అరువు బేస్ గిటార్ పదిహేను రోజులు నా దగ్గరుంటుంది: కొనేముందు దీని మీద ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (రాయగడ నుంచి)

అందరికీ నమస్కారం. చర్చి క్వయర్‌లో నాలుగేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. తెలుగు పాటలూ ఒడియా పాటలూ రెండూ పాడతాం. మా బేస్ (కింది స్వరాలు పలికే లావు తీగల గిటార్) వాయించే అన్నయ్య ఉద్యోగం మీద భువనేశ్వర్ వెళ్లిపోయాడు. అప్పటినుంచి పాట తేలిపోతోంది. ఆ చోట నేను నిలబడదామనుకుంటున్నాను.

గుణుపురంలో ఉన్న మా బావ తన బేస్‌ని పదిహేను రోజులకి ఇచ్చాడు. పాతది, నాలుగు తీగలది. ఐదు రోజులుగా వాయిస్తున్నాను. లావు తీగ మీద మొదటి ఫ్రెట్ (మెడలాంటి నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నొక్కాలంటే వేలు పీకేస్తోంది. పది నిమిషాలకే మణికట్టు లాగేస్తోంది. పైగా అక్కడి ఎఫ్ స్వరం కొంచెం హెచ్చుగా పలుకుతోంది, కీబోర్డుతో కలవడం లేదు. నా చేతులు చిన్నవి. బేస్ నాకు పడదేమోనని బెంగగా ఉంది.

విశాఖ వెళ్లి కొనుక్కోవాలని డబ్బు దాచాను. కొనాలా, మానాలా? పొట్టి నెక్ ఉన్న బేస్‌లు కూడా దొరుకుతాయట. ఇక్కడ ఎవరి దగ్గరా లేవు, పట్టుకు చూసే వీల్లేదు. క్వయర్‌లో ఇద్దరేమో ఐదు తీగలదే కొను అంటున్నారు.

జవాబు (బరంపురం నుంచి)

తమ్ముడూ, చేతులు చిన్నవని అప్పుడే తీర్మానించుకోకు. నువ్వు చెప్పిన రెండు బాధలూ, అంటే మొదటి ఫ్రెట్ దగ్గర నొప్పి, అదే చోట స్వరం హెచ్చడం, కలిసి వస్తున్నాయంటే నాకు ముందు నట్ మీద అనుమానం. నట్ అంటే నెక్ చివర తీగలు కూర్చునే గాళ్లున్న చిన్న పట్టీ. ఆ గాళ్లు లోతు చాలకపోతే తీగ మొదటి ఫ్రెట్ మీద ఎత్తుగా నిలబడుతుంది. దాన్ని కిందికి దించడానికి ఎక్కువ బలం పెట్టాలి. అలా దించేటప్పుడు తీగ సాగుతుంది, సాగిన తీగ హెచ్చుగానే పలుకుతుంది.

నీ దగ్గర గిటార్ క్యాపో, అంటే నెక్ మీద తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు, ఉందా? ఉంటే ఈ పరీక్ష చెయ్యి. నాకు దీని మీద చాలా నమ్మకం.

క్యాపో మొదటి ఫ్రెట్ మీద బిగించు. ఇప్పుడు నట్ ఆటలోంచి తప్పుకుంది. వేళ్లు చాచాల్సిన దూరం మాత్రం పెద్దగా మారలేదు. మామూలు బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జి (తీగల రెండో కొస ఆనే చోటు) దాకా తీగ పొడవు 34 అంగుళాలు, మొదటి ఫ్రెట్ గది, అంటే నట్‌కీ మొదటి ఫ్రెట్‌కీ మధ్య దూరం, సుమారు 48 మి.మీ. క్యాపో పెట్టాక వచ్చే గది సుమారు 46. ఆ రెండు మిల్లీమీటర్లతోనే నొప్పి పోదు. కాబట్టి క్యాపో పెట్టగానే వేలికి హాయిగా ఉంటే తప్పు నట్‌ది, నీ చేతిది కాదు.

తర్వాత పొట్టి బేస్ సంగతి. నాలుగు తీగల్నీ ఒక్కో స్వరం దించు: లావు తీగ నుంచి వరసగా ఇ-ఎ-డి-జి బదులు డి-జి-సి-ఎఫ్. క్యాపోని రెండో ఫ్రెట్ మీద పెట్టు. క్యాపో తర్వాత మిగిలిన తీగ పొడవు సుమారు 30.3 అంగుళాలు. పొట్టి బేస్‌లు 30 అంగుళాలే. శ్రుతి మళ్లీ ఇ-ఎ-డి-జికి వచ్చేస్తుంది, తీగ బిగువు కూడా పొట్టి బేస్‌లో ఉన్నట్టే మెత్తబడుతుంది. పొట్టి బేస్ కొనకుండానే దాని మీద వాయించి చూసుకున్నట్టు. రెండు రోజులు అలాగే వాయించు. అరువు వస్తువు కదా, తీగలు దించుతున్నానని బావకి ఒక మాట చెప్పు. తిరిగిచ్చేముందు మామూలు శ్రుతికి తెచ్చెయ్యి.

నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే కడ్డీ) జోలికి మాత్రం వెళ్లకు. బేస్ నీది కాదు.

శ్రుతికి ఫోన్ ట్యూనర్ వాడుతుంటే ఇంకో మాట. లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, చాలా ఫోన్ మైకులు దాన్ని సరిగా పట్టవు. పన్నెండో ఫ్రెట్‌కి సరిగ్గా పైన తీగని వేలితో తాకీ తాకనట్టు పెట్టి మీటు. గంటలాంటి నాదం వస్తుంది, దాంతో శ్రుతి చేసుకో.

జవాబు (పర్లాకిమిడి నుంచి)

నేను వీణ వాయిస్తాను, బేస్ కాదు. మా అబ్బాయి బేస్ వాయిస్తాడు కాబట్టి కొంత తెలుసు. వీణలో స్వరం తేడా వస్తే మైనం కరిగించి మెట్టుని (ఫ్రెట్‌ని) జరిపి మేళం కట్టిస్తాం. బేస్‌లో మెట్టు కదలదు. బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్క, సాడిల్‌ని జరిపి తీగ పొడవే మారుస్తారు. అందుకని బాబూ, నట్ అని తేల్చేముందు ఒకటి చూడు: అన్నయ్య చెప్పిన ఆ గంట నాదం విని, తర్వాత అదే పన్నెండో ఫ్రెట్ గట్టిగా నొక్కి మీటు. రెండూ ఒకటే పలికితే సాడిల్ బాగానే ఉన్నట్టు. నొక్కినది హెచ్చితే సాడిల్ వెనక్కి జరపాలి, తగ్గితే ముందుకి.

మణికట్టు లాగుతుంటే మాత్రం ఓర్చుకుని వాయించకు. వెంటనే ఆపెయ్యి. కూర్చున్నప్పుడు బేస్ ఎంత ఎత్తులో ఉంటుందో నిలబడ్డప్పుడూ అంతే ఉండేలా బెల్టు పొట్టి చేసుకో. కుర్రాళ్లు మోకాళ్ల దాకా వేలాడదీస్తారు, మణికట్టు మడతపడి నరాలు నలిగేది అక్కడే.

రాయగడ నుంచి (మూడు రోజుల తర్వాత)

అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. వరసగా రాస్తాను.

పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు నాదాలూ ఒకటే. క్యాపో మొదటి ఫ్రెట్ మీద పెట్టి ఎఫ్-షార్ప్ నొక్కితే నిజంగా నమ్మలేకపోయాను, వేలు పెట్టగానే పలికింది. కీబోర్డుతోనూ కలిసింది. క్యాపో తీసేసి టార్చి వేసి చూశాను. లావు తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కినా మొదటి ఫ్రెట్ మీద బాగా సందు కనిపిస్తోంది.

రెండో ఫ్రెట్ క్యాపోతో రెండు సాయంత్రాలు వాయించాను. వేళ్లకి సుఖంగానే ఉంది. కానీ తీగ మెత్తబడి నాదం కొంచెం వదులుగా అనిపించింది. డ్రమ్స్ పక్కన వాయిస్తే నాకు ఆ గట్టి నాదమే కావాలనిపించింది. బెల్టు నాలుగు వేళ్లు పైకి కట్టాను. నిన్న నలభై నిమిషాలు వాయించినా మణికట్టు లాగలేదు.

ఐదు తీగల సంగతి ఎవరైనా చెప్పండి.

జవాబు (జయపురం నుంచి)

ఐదో తీగ బి, సుమారు 31 హెర్ట్జ్. దాని కోసం నెక్ వెడల్పవుతుంది, చిన్న చేతికి అది భారం. మీ క్వయర్ పాటల శ్రుతులు ఒక కాగితం మీద రాయి. ఇ కంటే కింది డి, సి నిజంగా ఎన్ని పాటల్లో కావాలి? డి ఒక్కటే అయితే లావు తీగని ఒక స్వరం దించుకుంటే చాలు. పైగా మీ చర్చి స్పీకర్లు ఆ బిని పలికిస్తాయో లేదో కూడా చూసుకో. చిన్న గిటార్ ఆంప్‌లో (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టెలో) బేస్ పెట్టి సౌండ్ పెంచితే స్పీకర్ చిరిగిపోవచ్చు.

ఆంప్‌కి కలిపినప్పుడు తీగల మీద చేయి పెడితే హమ్ (గుయ్‌మనే మోత) తగ్గి, తీస్తే పెరుగుతోందా? అలాగైతే బేస్ లోపలి వైరింగ్ సంగతి తర్వాత, ముందు ఆంప్ ప్లగ్గుకి ఎర్త్ సరిగా అందుతోందో చూపించు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడొద్దు. ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం.

జవాబు (బరంపురం నుంచి)

34 అంగుళాలది నీకు పడుతుందని తేలింది కదా, ఇక నెక్ వెడల్పు చూసుకో. ఫెండర్ వాళ్లు 1951లో తెచ్చిన ప్రెసిషన్ తరహా బేస్‌ల నెక్ నట్ దగ్గర సాధారణంగా 41 నుంచి 44 మి.మీ. ఉంటుంది. 1960లో వచ్చిన జాజ్ తరహా అయితే 38. ఇప్పుడు చాలా కంపెనీలు ఈ రెండు తరహాల్లోనూ చేస్తున్నాయి. బావ బేస్ ఎంతుందో కొలిచి రాసుకో, షాపులో పోల్చడానికి అదే నీ కొలబద్ద.

షాపుకి నీ క్యాపో, ఒక స్టీలు స్కేలు పట్టుకెళ్లు. పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ ఎత్తు రెండు, రెండున్నర మి.మీ. ఉంటే బాగున్నట్టు. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ ఒకసారి నొక్కి మీటు, ఎక్కడైనా జరజరమంటే అడుగు. ఒక షాపులో నన్ను ఐదు నిమిషాలు కూడా వాయించనివ్వలేదు. వెంటనే బయటికొచ్చేశాను. నువ్వూ అలాగే చెయ్యి.

రాయగడ నుంచి

కొలిచాను, బావది 42. జాజ్ తరహా ఒకటి పట్టుకు చూస్తాను. పాటలు రాసి చూస్తే ముప్ఫై ఒకటిలో కింది డి నాలుగింటికే కావాలి, సి ఒక్కదానికీ అక్కర్లేదు. నాలుగు తీగలదే.

బావకి ఫోన్ చేసి నట్ సంగతి చెప్పాను. కొన్నప్పటినుంచీ అలాగే వాయిస్తున్నాడట, బేస్ అంటే ఇంతే గట్టిగా ఉంటుందనుకున్నాడట. రిపేరు చేయించమన్నాడు, డబ్బు తనే ఇస్తానన్నాడు. శనివారం రైలుకి విశాఖ వెళ్తున్నాను. ముందు బావ బేస్‌కి నట్ గాళ్లు సరిచేయించి, అదే సంచితో షాపుకి వెళ్తాను. క్యాపో, స్కేలు సంచి జేబులో పెట్టేశాను.