ముప్పేటా, మూడు పాయలా?

మిత్రులారా, ఒక మాట దగ్గర ఆగిపోయాను. జర్మనీలోని బౌహౌస్ కళాశాల మీద వ్యాసం రాస్తున్నా. పాల్ క్లే అక్కడ 1921 నుంచి 1931 దాకా పాఠాలు చెప్పాడు. చిత్రకారుడే, వయొలిన్ కూడా గట్టిగా వాయించేవాడు. తన చిత్రరచనకు 'పాలిఫొనీ' అన్న సంగీతం మాట వాడుకున్నాడు, అంటే వేర్వేరు రాగవరసలు ఒకేసారి కలిసి సాగడం. దాన్ని 'బహుస్వరత' అంటే నాకు మింగుడుపడటం లేదు. స్వరమంటే మనకు సరిగమల్లో ఒకటి. ఆ లెక్కన మోహనరాగం కూడా బహుస్వరమే!

– అక్కడ సంగీతం కూడా నేర్పేవారాండీ?

– విడిగా శాఖ లేదు. గెర్ట్రూడ్ గ్రూనో అనే ఆవిడ మాత్రం, బౌహౌస్ మొదట ఉన్న వైమార్ ఊళ్లో, రంగు, నాదం, ఒంటి కదలిక కలిపి సాధన చేయించేది. విద్యార్థుల బ్యాండు సరేసరి. నా తంటా అంతా క్లేతోనే. 1922లో క్లాసులో జర్మన్ స్వరకర్త బాఖ్ రచన ఒకదాన్ని గళ్ల మీద గీతలుగా గీసి చూపించాడు. వయొలిన్ ఒకటి, కీబోర్డు మీద రెండు చేతులు: మొత్తం మూడు వరసలు. దేని నడక దానిదే, మూడూ ఒకేసారి వినపడతాయి.

– 'ముప్పేట' ఉందిగా మేష్టారూ!

– ఉంది, కానీ పేపర్లవాళ్లు 'ముప్పేట దాడి' అనీ అనీ దాన్ని యుద్ధానికి పంపేశారు.

– అదొక్కటే కాదు. గొలుసులో పేటలు ఒకదాని కింద ఒకటి వేలాడతాయంతే. జడ అల్లేటప్పుడు చూడండి, కింద ఉన్న పాయ పైకొస్తుంది, పైది లోపలికి పోతుంది. 'మూడు పాయల సంగీతం' అనండి.

– మా కోనసీమలో పాయంటే గోదారే. గౌతమి, వసిష్ఠ విడిపోయాక మళ్లీ కలిస్తే ఒట్టు.

– జడపాయే తీసుకుంటున్నానమ్మా, థాంక్స్. ఇంకొకటి మిగిలింది. 1921లో క్లే వేసిన 'ఎరుపులో ఫ్యూగ్'. ఫ్యూగంటే ఒకే వరసను ఒకదాని తర్వాత ఒక గొంతు అందుకుంటూ సాగే సంగీత రచన. నల్లటి నేల మీద కూజాలాంటి, ఆకులాంటి ఆకారాలు, ముదురు నుంచి లేత గులాబీ దాకా ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఇది జడ కాదు, వెంటపడటం. 'తరుములాట' అందామా?

– వద్దు సార్. వయొలిన్‌ని ఫిడేలు చేసుకుని ద్వారం వారిని 'ఫిడేలు నాయుడు గారు' అన్నవాళ్లం. ఫ్యూగ్‌ని ఫ్యూగ్‌లాగే రానివ్వండి, నోటికి అలవాటైతే అదే వంగుతుంది.